లంచ్ బ్రేక్‌లో పిల్లలు గొడవ పడకుండా, హాయిగా ఆడాలంటే: బడి సిబ్బందికి ట్రైనింగ్ ఇలా ఇవ్వండి

చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ అయ్యాక టీ తాగేటప్పుడు ఎవరో ఒక హెడ్‌మాస్టర్ తప్పకుండా అడుగుతారు: "మా బళ్ళో లంచ్ బ్రేక్ అంటేనే టెన్షన్ సార్. రోజూ ఒకడు పడతాడు, ఒకడు కొడతాడు. ఆటల టీచర్ (పీఈటీ) ఒక్కడే ఎంతమందిని చూస్తాడు? మిగతావాళ్ళకి ఏం నేర్పాలి?" పీఈటీ పోస్టే లేని ప్రాథమిక పాఠశాలల వాళ్ళు ఇదే ప్రశ్న ఇంకొంచెం నీరసంగా అడుగుతారు. ప్రైవేటు స్కూళ్ళ వాళ్ళయితే "ఆయమ్మలకు నేర్పే పద్ధతి ఏదైనా ఉందా" అంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందే ఒక మాట. గొడవలు తగ్గించడానికి ఆటే తగ్గించే బళ్ళు చాలా ఉన్నాయి. "పరిగెత్తొద్దు, వరండాలో కూర్చోండి" అంటే ఆ పూటకి మోకాళ్ళు గీరుకుపోవు. తోపులాట మాత్రం వరండాలోకి మారుతుంది. నేను చూసినంతలో, ఆటలో మునిగిన పిల్లల కంటే ఏం ఆడాలో తోచక తిరిగే పిల్లల దగ్గరే గొడవలు ఎక్కువ. అందుకే గ్రౌండ్‌లో నిలబడే పెద్దవాళ్ళకి కాపలా కాయడం కంటే ముందు ఆట మొదలుపెట్టడం రావాలి. ఈ ట్రైనింగ్ అంతా దాని కోసమే.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషన్ల వల్ల, ఫోన్ల వల్ల ఇంటి దగ్గర అది కుదరని పిల్లలకు ఇంటర్వెల్, లంచ్ బ్రేకే దిక్కు. థియరీ ఇంతటితో చాలు.

ఏమేం కావాలి

మనుషులు: బ్రేక్ టైమ్‌లో పిల్లల దగ్గర ఉండే ప్రతి ఒక్కరూ. టీచర్లు, ఆయమ్మ, వాచ్‌మన్, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, ప్రైవేటు స్కూలైతే బస్ డ్రైవర్, క్లీనర్ కూడా. టీచర్లకు మాత్రమే ట్రైనింగ్ ఇచ్చి ఆయమ్మను వదిలేస్తే ఉపయోగం సగమే. పిల్లలు ముందు పరిగెత్తేది ఆయమ్మ దగ్గరికే.

సామాను: ముగ్గు పిండి లేదా సున్నం, నాలుగైదు టెన్నిస్ బంతులు, రెండు పెద్ద రబ్బరు బంతులు, టెన్నికాయిట్ రింగులు, రెండు పొడవాటి తాళ్ళు, ఆరేడు చిన్న స్కిప్పింగ్ తాళ్ళు, పెంకులాటకు చెక్క ముక్కలు. టైల్స్ ముక్కలు వద్దు, అంచులు కోసుకుంటాయి. ఇవన్నీ పట్టే గోనె సంచి ఒకటి. ఒక విజిల్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఒక నోటు పుస్తకం.

సర్కారు బడికి సమగ్ర శిక్ష (బళ్ళకు నిధులిచ్చే ప్రభుత్వ పథకం) నిబంధనల్లో క్రీడా గ్రాంటు ఉంది: ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, హైస్కూల్‌కు 25,000 రూపాయల వరకు. దాంతో కొన్న సామాను బీరువాలో తాళం వేసి ఉండటం చాలా చోట్ల చూశాను. పాడైపోతుందని భయమట. ఆడితే బంతి అరుగుతుంది, అరగడానికే కదా కొన్నది.

సమయం: గంటన్నర సెషన్ ఒకటి, ఆ తర్వాత రెండు వారాల పాటు బ్రేకుల్లోనే ప్రాక్టీసు. ఒక్క రోజులో అయిపోవాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

1. ముందు చూడండి, ఏమీ చెప్పకండి

ట్రైనింగ్‌కు ముందు వారంలో రెండు మూడు లంచ్ బ్రేకుల్లో ఒక మూల నిలబడండి. తెల్ల కాగితం మీద గ్రౌండ్ బొమ్మ గీసుకోండి. ఐదు నిమిషాలకోసారి ఎడమ నుంచి కుడికి ఒక్క చూపు తిప్పి మూడు అంకెలు రాయండి: ఎంతమంది పరిగెత్తుతున్నారు లేదా గెంతుతున్నారు, ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది నిలబడో కూర్చునో ఉన్నారు. ఆడపిల్లలను, మగపిల్లలను వేరుగా లెక్కపెట్టండి. ఒకటీ అరా అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

గొడవ జరిగిన చోట బొమ్మ మీద ఇంటూ గుర్తు పెట్టండి. పెద్దవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చుక్క పెట్టండి. చాలా బళ్ళలో చుక్కలన్నీ వేపచెట్టు నీడలో ఒకేచోట పడతాయి. ఇంటూలేమో కుళాయి దగ్గర, టాయిలెట్ల వెనక, మెట్ల దగ్గర ఉంటాయి. ఈ కాగితం దాచండి. సెషన్‌లో మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఇది చూపిస్తే చాలు. ఎవరినీ పేరు పెట్టి అనకండి. వాళ్ళకే అర్థమవుతుంది.

2. గ్రౌండ్‌ను భాగాలు చేయండి

క్రికెట్ ఆడే పదిహేను మంది పెద్ద మగపిల్లలు గ్రౌండ్ మొత్తం ఆక్రమిస్తారు, మిగతా వందమంది గోడ వెంట నిలబడతారు. ఇది ప్రతి ఊళ్ళో ఉన్నదే. క్రికెట్‌ను నిషేధించమని నేను చెప్పను, నిషేధిస్తే దొంగచాటుగా ఆడతారు. వారంలో రెండు రోజులు, ఒక మూల, టెన్నిస్ బంతితో, బ్యాటు ఊపేవాడి చుట్టూ ఖాళీ ఉండేలా ఆడించండి. మిగతా రోజులు ఆ చోటు ఖోఖోకో, డాడ్జ్ బాల్‌కో ఇవ్వండి.

ముగ్గు పిండితో గీతలు గీసి ఇలా పంచండి: పరిగెత్తే ఆటల చోటు, బంతి ఆటల చోటు, ఒకటి రెండు తరగతుల చిన్నపిల్లల చోటు, చెట్టు కింద కూర్చుని ఆడే ఆటల చోటు. కుళాయికి, టాయిలెట్లకు వెళ్ళే దారి మీద ఏ ఆటా పడకూడదు. సిబ్బంది చేతనే గీతలు గీయించండి. తన చేత్తో గీసిన గీతను మనిషి కాపాడుకుంటాడు.

గ్రౌండే లేని స్కూళ్ళు, ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో నడిచేవి, తరగతుల వారీగా వంతులు పెట్టుకోవాలి. అందరినీ ఒకేసారి వదిలితే నిలబడటానికే చోటుండదు. మేడ మీద ఆడించాలంటే పిట్టగోడ పిల్లల ఛాతీ కంటే ఎత్తుండాలి, పెద్దమనిషి ఒకరు తప్పనిసరిగా పైనే ఉండాలి. లేదంటే మేడ మాట మర్చిపోండి. కారిడార్‌లో తొక్కుడు బిళ్ళ గళ్ళు పెయింట్ చేయించుకోండి.

జాగ్రత్త: ఇదే నడకలో ప్రమాదాలు కూడా చూడండి. వంటశాల దగ్గర వేడి సాంబారు గిన్నె, మూతలేని సంపు, కిందికి వేలాడే కరెంటు తీగ, నేలలో సరిగా పాతని గోల్‌పోస్టు, పాము చేరే పిచ్చిమొక్కలు, పాచి పట్టిన కుళాయి గట్టు, టీచర్ల బైకుల స్టాండు. సంపు మూత వేయకుండా ఆటల ట్రైనింగ్ పెట్టడంలో అర్థం లేదు.

3. నిలబడటం, నడవడం, చూడటం నేర్పండి

సెషన్ గ్రౌండ్‌లోనే పెట్టండి. హాల్లో ప్రొజెక్టర్ వేశారంటే ఆయమ్మ వెనక వరసలో మౌనంగా కూర్చుంటుంది, వంటక్క అసలు రాదు.

మొదటి పావుగంట చిన్న ప్రాక్టీసు. సగంమంది సిబ్బంది పిల్లలుగా నటిస్తారు, మిగతావాళ్ళు డ్యూటీ చేస్తారు. "పిల్లల్లో" ఒకరికి రహస్యంగా ఒక పని చెప్పండి: ఎవరిదో చెప్పు దాచడం, మూలకు వెళ్ళి ఒంటరిగా నిలబడటం లాంటిది. ఐదు నిమిషాలయ్యాక డ్యూటీవాళ్ళను "ఏం చూశారు?" అని అడగండి. నవ్వులాటగా సాగుతుంది, కానీ పాఠం బాగా ఎక్కుతుంది.

ఆ తర్వాత నాలుగే నియమాలు చెప్పండి.

ఇద్దరు పెద్దవాళ్ళు ఒకేచోట నిలబడకూడదు. కబుర్లు బ్రేక్ అయ్యాక.

వీపు గోడ వైపు, ముఖం పిల్లల వైపు. నిమిషానికోసారి దూరపు మూల దాకా చూపు వెళ్ళి రావాలి.

రెండు నిమిషాలకు మించి ఒకేచోట ఉండకూడదు. మెల్లగా నడుస్తూ పిల్లల గుంపుల పక్కగా వెళ్ళాలి. పెద్దవాళ్ళు పక్కగా నడిస్తే చాలు, సగం చిలిపి పనులు ఆగిపోతాయి.

ఫోన్ జేబులో. అత్యవసర కాల్ వస్తే పక్కవాళ్ళకు చెప్పి పక్కకు వెళ్ళాలి. ఆన్‌లైన్ హాజరు, యాప్‌లో ఫొటోలు ఇవన్నీ ఉన్నాయని నాకు తెలుసు. అందుకే డ్యూటీ ఉన్నవాళ్ళకు ఆ అరగంట ఆ పనులు పెట్టవద్దని హెడ్‌మాస్టరే ముందుగా చెప్పాలి.

4. ప్రతి ఒక్కరికీ రెండు ఆటలు మొదలుపెట్టడం వచ్చి తీరాలి

ట్రైనింగ్‌లో సగం సమయం దీనికే ఇవ్వండి. మిగతావన్నీ సగం సగం చేసినా ఫర్వాలేదు, ఇది మాత్రం పూర్తిగా జరగాలి.

కొత్త ఆటలు వెతకక్కర్లేదు. మీ సిబ్బందినే అడగండి: "చిన్నప్పుడు ఏం ఆడేవాళ్ళు?" ఏడు పెంకులాట, నేల బండ, తొక్కుడు బిళ్ళ, నాలుగు స్తంభాలాట, కోతి కొమ్మచ్చి, ఒప్పులకుప్ప అని వరసగా వస్తాయి. అప్పటిదాకా నోరు విప్పని వంటక్కే ముందు మాట్లాడుతుంది. ఆమె చేతనే నేర్పించండి.

ఆట మొదలుపెట్టే పద్ధతి ఇది:

పిల్లలను గుండ్రంగా నిలబెట్టండి, మీరూ గుండ్రంలోనే నిలబడండి. ఆట ఏంటో రెండు వాక్యాల్లో చెప్పండి. ఇద్దరు పిల్లలతో ఒకసారి ఆడి చూపించండి. వెంటనే పంటలేయించి దొంగను తేల్చి మొదలుపెట్టండి. రెండు మూడు నిమిషాలు మీరూ ఆడండి. ఆట ఊపందుకోగానే మెల్లగా బయటికి వచ్చేయండి.

ఉదాహరణకు ఐస్ వాటర్: "దొంగ ముట్టుకుంటే కదలకుండా నిలబడాలి. మీ జట్టువాళ్ళు ఎవరైనా వచ్చి ముడితే మళ్ళీ పరిగెత్తొచ్చు." ఇంతే. ఇంతకంటే ఎక్కువ వివరిస్తే పిల్లలు అప్పటికే ఒకర్నొకరు గిచ్చుకుంటుంటారు.

ఏ ఆటైనా నలుగురు ఆడుతూ నలభైమంది చూసేలా ఉంటే దాన్ని మార్చాలి. ఎలా మార్చాలో సిబ్బందికి చేయించి చూపించండి:

అవుటైనవాళ్ళు కూర్చునే ఆటల్లో ముందు కూర్చునేది ఎప్పుడూ పరుగు రానివాడే, అంటే ఎక్కువ ఆడాల్సినవాడు. అవుటైతే వెళ్ళి వేపచెట్టు ముట్టుకుని, ఐదు గెంతులు గెంతి మళ్ళీ ఆటలోకి రావచ్చని నియమం మార్చండి.

రుమాలాటలో ఒక్కో జట్టులో ఇరవైమంది ఉంటే ఒక్కో పిల్లకు వంతు వచ్చేలోపే బెల్ కొట్టేస్తారు. నాలుగు చిన్న గుంపులు చేసి నాలుగు రుమాళ్ళు ఇవ్వండి.

ఖోఖోలో అసలు నియమం ప్రకారం ఒక జట్టుకు మైదానంలో తొమ్మిదిమంది. బ్రేక్‌లో అదేమీ అక్కర్లేదు. ఐదుగురు కూర్చునే చిన్న వరసలు రెండు మూడు పెట్టండి, పోటీల రూల్స్ పీఈటీకి వదిలేయండి.

ఏడు పెంకులాటలో బంతి నడుము కిందే తగలాలి, ముఖానికి తగిలితే కొట్టినవాడే అవుట్. ఈ ఒక్క నియమంతో ఏడుపులు బాగా తగ్గుతాయి.

చిన్నపిల్లలు పెద్దవాళ్ళ ఆటలోకి వస్తామని మారాం చేస్తే మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయమే: ఆటలో అరటిపండు. వాడు ఆడతాడు, అవుట్ కాడు, ఎవరికీ అడ్డం కాదు. దీన్ని సిబ్బంది ఎగతాళిగా కాకుండా గౌరవంగా వాడాలి. "వీడు మన అరటిపండు, వీణ్ణి జాగ్రత్తగా చూసుకోవాలి" అని జట్టుకు అప్పగిస్తే పెద్దపిల్లలే చూసుకుంటారు.

ఎండ సంగతి: మార్చి వచ్చిందంటే పరుగుల ఆటలు ఉదయం ఇంటర్వెల్‌కు మార్చండి. ఒంటిపూట బడుల రోజుల్లో నీడలో అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి మేక, చెమ్మచెక్క చాలు. వాటర్ బెల్ పెట్టుకున్న బళ్ళలో ఆట మధ్యలోనైనా బెల్ వినగానే అందరూ నీళ్ళు తాగాలి. భోజనం చేసిన వెంటనే పరుగులొద్దు, మొదటి పది పదిహేను నిమిషాలు కూర్చునే ఆటలు. వాన రోజున కూడా ఈ కూర్చునే ఆటల సంచే అక్కరకొస్తుంది.

5. మాటలు మార్పించండి

బ్రేక్‌లో పెద్దవాళ్ళ నోటి నుంచి వచ్చే మాటల్లో చాలా వరకు "వద్దు", "ఏయ్", "ఆగు". వీటి బదులు ఏం చెయ్యాలో చెప్పే మాటలు అలవాటు చేయించాలి. సిబ్బందిని జంటలుగా నిలబెట్టి పైకి అనిపించండి.

"పరిగెత్తకండిరా!" అనే బదులు: "పరుగంతా ఆ గీత అవతల. ఇక్కడ నడక."

"ఎందుకలా రాక్షసుల్లా అరుస్తారు?" అనే బదులు: "కబడ్డీ కూత గ్రౌండ్‌లోనే బాగుంటుంది, పదండి."

"గుడ్" అని ఊరుకునే బదులు: "కిందపడ్డవాణ్ణి లేపావు చూడు, బాగుంది."

ఆఖరిది ముఖ్యం. మెచ్చుకోవడమంటే ఏం చేశాడో చెప్పాలి. లేకపోతే ఎందుకు మెచ్చుకున్నారో పిల్లవాడికి తెలీదు, రేపు మళ్ళీ చేయడు.

బెత్తం గ్రౌండ్‌లోకి రాకూడదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. గుంజీలు తీయించడం, ఎండలో నిలబెట్టడం కూడా శిక్షలే. ఇంకో మాట: "నీకు వారం రోజులు ఆట బంద్" అనకండి. అల్లరి చేసే పిల్లవాడికి ఆట ఆపితే వాడు క్లాసులో ఇంకా అల్లరి చేస్తాడు. మరీ అవసరమైతే రెండు నిమిషాలు మీ పక్కనే నడిపించి మళ్ళీ ఆటలోకి పంపండి.

6. తగవు తీర్చడం: ఇది నటించి నేర్చుకోవాలి

"సార్, వీడు నన్ను తోశాడు సార్!" "ముందు వాడే తోశాడు సార్!" రోజూ వినేదే. సిబ్బందిలో ఇద్దరు పిల్లలుగా, ఒకరు డ్యూటీ టీచర్‌గా నటించండి. వరస ఇది:

ఒంగి పిల్లల ఎత్తుకు రండి. పై నుంచి మాట్లాడితే వాళ్ళు మీకు సంజాయిషీ ఇస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

ఒక్కొక్కరు అరనిమిషం చెప్పాలి, రెండోవాడు మధ్యలో మాట్లాడకూడదు. ఎవరు ముందు మొదలుపెట్టారనే విచారణలోకి వెళ్ళకండి, దానికి అంతుండదు.

"ఇప్పుడేం చేద్దాం?" అని వాళ్ళనే అడగండి. చాలాసార్లు వాళ్ళే తేలుస్తారు. తేలకపోతే మీరు ఒక మాట చెప్పి ఆట మొదలుపెట్టించండి. తొండి ఆడాడన్న గొడవైతే మందు ఒకటే: ఆ వంతు మళ్ళీ ఆడించండి.

బలవంతంగా "సారీ చెప్పు, షేక్ హ్యాండ్ ఇవ్వు" అనిపించవద్దు. నోటితో సారీ, కళ్ళతో "బయట చూసుకుందాం" అన్నట్టు ఉంటుంది.

సరదా కుస్తీకి, నిజం కొట్లాటకు తేడా కూడా నేర్పండి. సరదా అయితే ఇద్దరి ముఖాల్లో నవ్వుంటుంది, పైనున్నవాడు కిందికి, కిందున్నవాడు పైకి మారుతుంటారు, విడిపోయాక కూడా కలిసే ఉంటారు. ఒకడే ఎప్పుడూ కింద ఉంటే, చుట్టూ గుంపు చేరి చూస్తుంటే అది ఆట కాదు, వెంటనే వెళ్ళాలి.

ఒకే పిల్లను రోజూ ఎవరో ఒకరు ఏడిపిస్తుంటే అది గ్రౌండ్‌లో తీర్చే తగవు కాదు. పుస్తకంలో రాసి అదే రోజు హెడ్‌మాస్టర్‌కు చెప్పాలి. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చే ఏ విషయాన్నయినా బళ్ళోనే సర్దుబాటు చేయడానికి వీల్లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఆయమ్మకు, వాచ్‌మన్‌కు కూడా ఈ విషయం స్పష్టంగా చెప్పండి.

7. గోడ దగ్గర నిలబడ్డవాళ్ళు

మీ మొదటి కాగితంలో "నిలబడ్డవాళ్ళు" అని లెక్కేసినవాళ్ళు ఎవరో సిబ్బందితో కలిసి చూడండి. ఎక్కువగా ఆరో తరగతి దాటిన ఆడపిల్లలు, కొత్తగా చేరినవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, సరిగా నడవలేనివాళ్ళు, వినపడనివాళ్ళు. ఊళ్ళో పెద్దల మధ్య ఉన్న కులం గీతలు కొన్నిచోట్ల గ్రౌండ్‌లోకీ వస్తాయి. అది కళ్ళకు కనిపించినా చూడనట్టు ఊరుకునేవాళ్ళే ఎక్కువ.

ఇద్దరు లీడర్లు ఒక్కొక్కరినీ పిలిచి జట్లు కట్టుకునే పద్ధతి ఆపేయించండి. చివరికి మిగిలే పిల్ల రోజూ ఒకరే, అందరి ముందూ ఆ అవమానం. పంటలతో గానీ, ఒకటి రెండు అని లెక్కపెట్టి గానీ జట్లు చేస్తే ఎవరు ఎవరితో పడతారో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఆడపిల్లలకు చోటు, బంతి విడిగా కేటాయించండి. "మీరూ వెళ్ళి ఆడుకోండమ్మా" అన్నంత మాత్రాన వాళ్ళు క్రికెట్ మధ్యలోకి వెళ్ళరు. త్రోబాల్, టెన్నికాయిట్, పెద్ద తాడాట బాగా పనిచేస్తాయి. లేడీ టీచర్ ఒకరు మొదటి వారం తాడు పట్టుకుని తిప్పితే మిగతాది పిల్లలే చూసుకుంటారు. వినపడని పిల్ల ఉంటే విజిల్‌తో పాటు రంగు గుడ్డ ఊపండి, నిమిషం పని.

ఆడటం ఇష్టంలేక చెట్టు కింద పుస్తకం చదువుకునే పిల్లను మాత్రం లాగకండి. రోజూ ఒంటరిగా ఉంటేనే పట్టించుకోవాలి.

8. పిల్లల్లోంచే ఆట లీడర్లు

ఏడు, ఎనిమిది తరగతుల నుంచి కొందరిని తీసుకుని, సంచి తేవడం, చిన్నవాళ్ళ ఆట మొదలుపెట్టడం, ఆఖర్న సామాను లెక్కపెట్టడం అప్పగించండి. వారం వారం మార్చండి. అల్లరివాళ్ళకు కూడా వంతు ఇవ్వండి.

జాగ్రత్త: లీడర్ చేతికి పేర్లు రాసే కాగితం ఇవ్వకండి. "అల్లరి చేసినవాళ్ళ పేర్లు" రాయించే అలవాటు మన బళ్ళలో క్లాస్ లీడర్ దగ్గర మొదలవుతుంది. గ్రౌండ్‌లోకి వచ్చిందంటే లీడర్ చిన్న పోలీసైపోతాడు, పేరు కొట్టేయడానికి చాక్లెట్లు చేతులు మారతాయి.

9. దెబ్బ తగిలితే

అందరికీ వచ్చి ఉండాల్సినవి కొన్నే. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. చేయి విరిగిందనిపిస్తే నూనె రాసి తోమకూడదు, కదలకుండా కట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తలకు దెబ్బ తగిలాక వాంతి అయినా, మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా 108కి ఫోన్ చేయాలి. అలాంటి పిల్లను ఇంటికి ఒంటరిగా పంపకూడదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ ఉన్నవి తీసేయాలి. పెద్ద పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా పాలలో వేసి వెంటనే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

చిన్న దెబ్బైనా పుస్తకంలో రాసి ఇంటికి కబురు చేయండి. సాయంత్రం తల్లి పిల్లవాడి మోకాలు చూసి అడిగేలోపే మీ ఫోన్ వెళ్తే సగం గొడవ ఉండదు.

10. ఆట ఆపడం

తోపులాట ఎక్కువగా జరిగేది ఆఖరి మూడు నిమిషాల్లో. బెల్ కొట్టగానే అందరూ ఒక్క తలుపు మీద పడతారు. ఐదు నిమిషాల ముందు ఒక విజిల్: ఆట ఆపి సామాను సంచిలో వేయాలి. తర్వాత నీళ్ళు, చేతులు కడగడం, చిన్న తరగతులు ముందు లోపలికి. ఒక పెద్దమనిషి తలుపు దగ్గర, ఒకరు కుళాయి దగ్గర ఉండాలి. బ్రేక్ మొత్తంలో విజిల్ మోగాల్సింది ఇప్పుడు, ఏదైనా ప్రమాదమైనప్పుడు. ఊరికే ఊదుతుంటే పిల్లలు వినడం మానేస్తారు.

ఎక్కువగా జరిగే తప్పులు

మొదటి వారం ఉత్సాహంగా పదిహేను నియమాలు గోడ మీద రాస్తారు, ఎవరికీ గుర్తుండవు. పిల్లలతోనే మాట్లాడి మూడు పెట్టుకోండి.

డ్యూటీ చార్టులో పేర్లు రాస్తారు, ఎవరు ఏ మూల చూడాలో రాయరు. దాంతో మళ్ళీ వేపచెట్టే.

కొందరు సార్లు ఆటలోకి దిగి గెలిచేదాకా బయటికి రారు. ముచ్చటగానే ఉంటుంది, కానీ మిగతా గ్రౌండ్‌ను ఎవరూ చూడరు.

టీచర్లకు భోజనం చేసే టైమ్ ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, పథకాలు ఆగిపోయేది దీని వల్లే. డ్యూటీని రెండు సగాలుగా పంచండి: సగం సమయం ఒకరు తింటే ఇంకొకరు గ్రౌండ్‌లో. ఆయమ్మకు ఆ అరగంటలో టాయిలెట్లు కడిగే పని పెట్టి, ఆటలు కూడా చూడమంటే అన్యాయం.

సిలబస్ వెనకబడిందని బ్రేక్‌లో హోంవర్క్ పూర్తి చేయిస్తారు. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మానేయండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

నెల తర్వాత మొదటి కాగితం తీసి, అదే మూలలో నిలబడి, అదే పద్ధతిలో మళ్ళీ లెక్కపెట్టండి. అదే టైమ్, అలాంటి ఎండే ఉన్న రోజు చూసుకోండి. ఆగస్టు లెక్కను మార్చి లెక్కతో పోల్చకండి. పరిగెత్తేవాళ్ళ వాటా పెరగాలి, ఆడపిల్లల్లో విడిగా పెరగాలి. మగపిల్లల్లోనే పెరిగితే ఏడో మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

లంచ్ తర్వాత మొదటి పీరియడ్ టీచర్‌ను అడగండి: క్లాసు కుదురుకోవడానికి ఎంతసేపు పడుతోంది? గ్రౌండ్ గొడవలు ఎన్ని క్లాసులోకి వస్తున్నాయి? దెబ్బల పుస్తకంలో అంకె ఒక్కటే చూడకండి. ఆట పెరిగితే మోకాలు గీరుకుపోవడాలు కొంచెం పెరగవచ్చు. చూడాల్సింది తోయడం వల్ల, కొట్టడం వల్ల తగిలిన దెబ్బలు. ఒకే చోట పదేపదే పడుతుంటే ఆ చోటును బాగు చేయించండి.

మొదటి రెండు వారాలు ఫిర్యాదులు పెరిగితే కంగారు పడకండి. వినేవాళ్ళు దొరికారని పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు, అంతే. నెల దాటినా తగ్గకపోతే సిబ్బంది తగవు తీర్చే పద్ధతిని ఒకసారి పక్కన నిలబడి చూడండి. చాలావరకు వాళ్ళు మళ్ళీ విచారణాధికారులై ఉంటారు.

సిబ్బంది ఒకరినొకరు చూసుకునే పద్ధతి కూడా పెట్టండి. నెలకోసారి, పది నిమిషాలు, నాలుగే ప్రశ్నలు: ఎన్నిసార్లు చోటు మార్చారు, ఎన్ని ఆటలు మొదలుపెట్టారు, ఏం చేశాడో చెప్పి ఎంతమందిని మెచ్చుకున్నారు, ఫోన్ ఎన్నిసార్లు బయటికి వచ్చింది. ఈ కాగితం పై ఆఫీసుకు పంపకండి, సర్వీసు రిజిస్టర్‌తో ముడిపెట్టకండి. అలా చేసిన మరుక్షణం అన్ని జవాబులూ అద్భుతంగా వస్తాయి.

ట్రాన్స్‌ఫర్లు అయ్యాక, కొత్త ఆయమ్మ చేరాక, అంటే మామూలుగా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో, మూడో మెట్టు, నాలుగో మెట్టు, ఆరో మెట్టు మళ్ళీ చేయించండి. ఈసారి నేర్పేది మీరు కాదు, పాత సిబ్బందిలో ఎవరి ఆటలకు పిల్లలు ఎక్కువగా చేరుతున్నారో వాళ్ళ చేత చెప్పించండి. వంటక్క అయినా సరే.